దూలం తప్పిన కొక్కెం

సాలూరులో మా నరహరి మాస్టారికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, ఎక్కడికో ఒకచోటికి వెంటబెట్టుకుని పోతారు. అందుకే సాయంత్రం పాఠానికి వచ్చే మేమంతా ప్రశ్నలు అడగడం ఎప్పుడో తగ్గించుకున్నాం. అరిగేది మా చెప్పులు కదా.

అది తెలిసీ ఒకనాడు తవిటయ్య అడిగాడు. తవిటయ్య సీలింగు మేస్త్రి, నలభై దాటినవాడు, పాఠానికి అందరికన్నా ముందు వచ్చి కూర్చునేవాడు. ఆ రోజు ముఖం పీక్కుపోయి ఉంది.

"మాస్టారూ, నాలుగు రోజులై ముద్ద దిగట్లేదు. ఒకటే గుండె దడ. భయం పోడానికి ఏదైనా మంత్రం ఉంటే సెప్పండి బాబూ."

దేనికి భయమని మాస్టారు అడగలేదు. "మొన్నటిదాకా ఎక్కడ పని చేశావు?" అన్నారు.

"వరహాలమ్మగారి ఇంట్లోనండి. హాలు సీలింగు."

"రేపు అక్కడ ఆవిడ మనవరాలి బారసాల. నన్నూ పిలిచారు. నాతో రా, మంత్రం సంగతి తరువాత చూద్దాం." నావైపు తిరిగి, "నువ్వూ రావయ్యా, భోజనం ఉంటుంది" అన్నారు.

తవిటయ్య ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. అయినా రానని అనలేకపోయాడు.

అసలు సంగతి మాకు తరువాత తెలిసింది. ఆ ఇంటి హాలుకు పాతకాలపు మద్ది దూలాలు. వాటికి అడ్డంగా రీపర్లు, అంటే సన్నని చెక్క బద్దలు బిగించి, వాటికింద జిప్సం బోర్డులు కొట్టి పైకప్పంతా తెల్లగా, నున్నగా చేయమన్నారు. ఉయ్యాల కొక్కెం మాత్రం హాలుకు సరిగ్గా నడిమధ్యనే ఉండాలని వరహాలమ్మగారు పట్టుబట్టారు. నడిమధ్య దూలం లేదు, మూరెడు అవతల ఉంది. బరువు మోసే కొక్కెం దూలంలోకే దిగాలని తవిటయ్యకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ మాట ఆవిడతో అని చోటు మార్పించాలి. కానీ బయట రంగులవాళ్ళు వచ్చి కూర్చున్నారు, ఆవిడేమో "ఇంకా ఎంతసేపు నాయనా" అంటూ గుమ్మంలో నిలబడ్డారు. బోర్డు గుండా కొక్కేన్ని రీపరులోకే తిప్పేశాడు. కిందినుంచి చూస్తే బ్రహ్మదేవుడికైనా తెలియదు. పసిపిల్ల ఎంత బరువుంటుందిలే అనుకున్నాడు. ఇంటికి వెళ్ళి కంచం ముందు కూర్చున్నాక తెలిసింది, ఎంత బరువో.

బారసాలకు హాలునిండా నలభైమంది. వచ్చినవాళ్ళంతా తలెత్తి సీలింగును మెచ్చుకుంటున్నారు. "అదుగో, మా మేస్త్రి" అని వరహాలమ్మగారు తవిటయ్యను నలుగురికీ చూపించారు. ఆ పొగడ్త అతనికి వాత పెట్టినట్టు తగిలింది. నిజం చెబితే ఇంతమందిలో పరువు పోతుంది, ఈ ఊళ్ళో మళ్ళీ ఎవరూ పనికి పిలవరు. చెప్పకపోతే ఏమవుతుందో తలుచుకోవడానికి కూడా అతనికి ధైర్యం చాలలేదు. కొక్కెం మీంచి చూపు తిప్పలేదు.

ఆనవాయితీ ప్రకారం పిల్లకన్నా ముందు సన్నికల్లు పొత్రాన్ని ఉయ్యాలలో పెట్టారు. దానికి చిన్న గుడ్డ చుట్టి, బొట్టు పెట్టి, మూడుసార్లు ఊపారు. కొక్కెం కిర్రుమంది.

నిలిచింది. పిల్లకన్నా బరువైన రాయి, అయినా నిలిచింది. ఇంకేం భయం, గండం గడిచిందని అతను తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకున్నాడే గాని గుండె వినలేదు, ఇంకా గట్టిగా కొట్టుకుంది. పక్కనే మాస్టారు వక్కపలుకు నములుతూ ఊరకే కూర్చున్నారు. పొత్రం తీసేశారు. తల్లి పిల్లను రెండు చేతుల్లో పట్టుకుని ఉయ్యాల మీదికి వంగింది.

"ఆపండమ్మా! పాపని దించకండి!"

లాలిపాట ఆగిపోయింది. తవిటయ్య ముందుకు వచ్చాడు. "నాను తప్పు సేసినానమ్మా. కొక్కెం దూలంలో లేదు" అంటూ ఉయ్యాల విప్పి, స్టూలెక్కి, కొక్కేన్ని పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. చీలిన రీపరు ముక్కతో సహా అది చేతిలోకి ఊడివచ్చింది. తలమీద తెల్లపొడి రాలింది. తల్లి పిల్లను గుండెకు హత్తుకుని గోడదాకా వెనక్కి పోయింది.

ఆ తరువాత వరహాలమ్మగారు అన్న మాటలు కాగితం మీద పెట్టేవి కావు. తవిటయ్య తల వంచుకుని అన్నీ పడ్డాడు. పడుతూనే పరుగున వెళ్ళి సామాను తెచ్చి, దూలం కింద బోర్డు కోసి, మద్ది చెక్కలోకి కొక్కెం దించాడు. అంతటితో ఊరుకోక తొంభై కిలోల నన్ను దానికి వేలాడమన్నాడు. వేలాడాను. అప్పుడు పిల్లను పడుకోబెట్టి పేరు పెట్టారు.

తవిటయ్య పులిహోర రెండుసార్లు వడ్డించుకున్నాడు. తిరిగివస్తుంటే దారిలో గుర్తుచేశాడు: "మాస్టారూ, భయానికి మంత్రం సంగతి తరవాత సూద్దామన్నారు."

మాస్టారు నడక ఆపలేదు.

"ఆ హాల్లో నలభైమందిమి ఉన్నాం తవిటయ్యా. నీకు తప్ప ఎవరికీ భయం లేదు."