గవరయ్య మూసిన ఇల్లు

కొండగెడ్డ అడవిలో ఉడుతలు, ముంగిసలు, కుందేళ్ళు, అడవికోళ్ళు ఉండేవి. అక్కడ ఒక పెద్ద మద్దిమాను ఎప్పుడో గాలికి కూలి పడి ఉంది. దాని లోపలంతా తొర్రే. నడుమ మాత్రం ఒక చెక్క గోడ మిగిలింది.

గోడకు ఇవతల రవణమ్మ అనే ముసలి ఉడుత ఉండేది. అవతల గవరయ్య అనే ముంగిస, భార్య సూరమ్మ, ముగ్గురు పిల్లలు. ముంగిస పక్కనుంటే పాము రాదని రవణమ్మే వాళ్ళను పిలిచి పొరుగున పెట్టుకుంది.

తొలకరి వానకు ఇద్దరి ఇళ్ళూ పైనుంచి కారాయి. కింద, మానుకూ నేలకూ మధ్య ఉన్న సందులో నీళ్ళు నిలిచాయి.

గవరయ్య ఆగలేదు. ఆ పూటే పైచీలికల్లో రాళ్ళు కూరి, బంకమట్టి మెత్తాడు. కింది సందునూ అలాగే మూసేశాడు. తడిసిన గడ్డి మీదే కొత్త గడ్డి పరిచాడు. ఒక్క చిన్న గుమ్మం మిగిల్చాడు.

"చూశావా అత్తా! ఇక చీమ కూడా దూరదు" అన్నాడు మీసం తిప్పుతూ.

రవణమ్మ మాత్రం తడిసిన గడ్డంతా బయట పారేసింది. కింది నీళ్ళు పోవడానికి చిన్న కాలువ తవ్వింది. మూడు రోజులు ఎండ కాసింది. ఆ మూడు రోజులూ చెక్క ఆరిందో లేదో అని తడిమి చూస్తూ కూర్చుంది.

"ఇంకా తడుముతూనే ఉన్నావా? వాన వచ్చి నీ తోక తడిపాక మొదలుపెడతావా?" అని గవరయ్య నవ్వాడు.

"నీ ఇల్లు లోపల ఆరలేదు అల్లుడూ. ఒక్కసారి తెరిచి ఎండ తగలనీ."

"కట్టింది పగలగొట్టుకోమంటావా? బాగుంది!"

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి పిల్లలూ. నీటికి దారి మూస్తే బయటి నీరు రాదు, నిజమే. కానీ లోపలి నీరు కూడా పోదు. అది చెక్కలోకి ఇంకుతుంది.

నాలుగో రోజు చెక్క ఆరింది. అప్పుడు రవణమ్మ చీలికలకు గుగ్గిలం చెట్టు జిగురు పూసి, పొడి బూరుగుదూది పరిచింది. మర్నాడు పెద్ద వాన పట్టుకుంది.

ఆరు రోజులు వదల్లేదు. గవరయ్య ఇంట్లో గోడలకు చెమట పట్టింది. గడ్డి మీద తెల్లని బూజు వెంట్రుకల్లా లేచింది. చిన్న పిల్ల దగ్గడం మొదలుపెట్టింది. నేల కిందనుంచి ఏదో చప్పుడు. టప్... టప్...

"ఏమండీ, నేల మెత్తగా దిగుతోంది. నాకు భయంగా ఉంది" అంది సూరమ్మ.

"వానాకాలం వాసనే ఇది. ఊరికే బెదరకు" అని గవరయ్య ఆహారం కోసం బయటికి వెళ్ళాడు.

తిరిగి వచ్చేసరికి గుమ్మం లేదు. కుళ్ళిన నేలచెక్క కింది సందు నీళ్ళలోకి కూలింది. దాంతో పాటే గుమ్మం ముద్దయి మూసుకుపోయింది. లోపలినుంచి పిల్లల ఏడుపు వినిపిస్తోంది.

"నాన్నా! నీళ్ళు! కింద నీళ్ళు!"

గవరయ్య మట్టిని గీరాడు. తాను కూరిన రాళ్ళు కదలలేదు. గోళ్ళు విరిగాయి. ఏడుపుల్లో ఒకటి తగ్గింది.

"అత్తా! చీమ కూడా దూరదన్నాను. ఇప్పుడు నేనే దూరలేకపోతున్నాను!"

రవణమ్మ అప్పటికే తన వైపునుంచి నడిమి గోడను కొరుకుతోంది. పొడి చెక్క గట్టిది. పళ్ళు నొప్పెట్టినా ఆగలేదు. చిన్న కంత పడింది. అందులోంచి సూరమ్మ ఒక పిల్లను అందించింది. తర్వాత ఇంకో పిల్లను.

"మూడోది ఏదే?" అని అరిచింది రవణమ్మ.

నీటి చప్పుడు మాత్రం వినిపించింది. ఆ తర్వాత దగ్గు. సూరమ్మ చిన్నదాన్ని నోట కరుచుకుని కంతలోంచి బయటపడింది.

వాళ్ళు బయటపడగానే ఆ చివర పైకప్పు కూడా కుంగిపోయింది.

వానాకాలమంతా ఆ కుటుంబం రవణమ్మ దూదిలోనే తలదాచుకుంది. చిన్నదాని దగ్గు చాలా రోజులు పోలేదు. అది దగ్గిన ప్రతిసారీ గవరయ్య తల దించుకునేవాడు.

ఎండలు వచ్చాక అతను మరో తొర్ర చూసుకున్నాడు. పాత గడ్డి బయట పారేసి, చెక్క మీద చెయ్యి పెట్టి, చూడడానికి వచ్చిన రవణమ్మను అడిగాడు.

"ఆరిందా అత్తా?"

"ఇంకా లేదు అల్లుడూ."

గవరయ్య మట్టిముద్ద కింద పెట్టి, ఆమె పక్కన కూర్చున్నాడు.

నీతి: తడిని కప్పితే దాగుతుంది గాని పోదు, ముందు ఆరబెట్టాలి, ఆ తర్వాతే మూయాలి.