వెళ్ళొస్తాననని మాస్టారు

కాకినాడలో సత్తిరాజు అని ఒక డ్రాయింగు మాస్టారు ఉండేవాడు. తన ఒంటి బలం నలుగురికీ చెప్పుకోకుండా, ఎదుటివాడి నీరసాన్ని వెక్కిరించకుండా అతనికి పూట గడిచేది కాదు.

యాభై రెండో ఏట అతనికి పేగులో క్యాన్సరు వచ్చింది. ఆపరేషను చేసి జానెడు పేగు తీసేశారు. ఆ తర్వాత ఆరు నెలలు మందు ఎక్కించారు. వేళ్ళు తిమ్మిరెక్కి సుద్దముక్క కూడా పట్టుకోలేకపోయేవాడు. మందు ఎక్కించే రోజుల్లో పక్క మంచం అబ్బులుది. అబ్బులు చేపల రేవులో వలలు అల్లేవాడు. ఇద్దరిదీ ఒకే జబ్బు, ఒకే మందు. అబ్బులు వేళ్ళు కూడా తిమ్మిరెక్కేవి. అయినా ఇంత దారం తెచ్చుకుని, మంచం మీద కూర్చుని ముడులు వేస్తూ ఉండేవాడు.

మన ఇళ్ళలో గడప దాటేవాళ్ళు "వెళ్తాను" అనరు, "వెళ్ళొస్తాను" అంటారు. ఆ వార్డులో మాత్రం ఆచారం తిరగబడింది. మందు పూర్తయి ఇంటికి పోయేవాళ్ళు పొరపాటున కూడా "వెళ్ళొస్తాను" అనకూడదు. "వెళ్తున్నాను" అనాలి. అలా అంటే జబ్బు మళ్ళీ రాదని వాళ్ళ నమ్మకం. నర్సు దయామణి గుమ్మం దగ్గర నిలబడి మరీ ఆ మాట అనిపించేది.

సత్తిరాజు ఇంటికి వెళ్ళే రోజున వార్డు మధ్యలో నిలబడి, "వెళ్తున్నాను! వెళ్తున్నాను! వెళ్తున్నాను!" అని మూడుసార్లు అరిచాడు. లేవలేనివాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. అతనికి అది మహా ఇష్టంగా ఉంది.

అదే రోజు అబ్బులూ బయల్దేరాడు. సంచి భుజాన వేసుకుని దయామణికి దండం పెట్టి, "వెళ్ళొస్తానమ్మా" అన్నాడు.

"అయ్యో, అదేం మాట! వెళ్తున్నానను" అంది దయామణి.

"మూడు నెలలకి రమ్మని డాక్టరమ్మగారు ఫైలులో రాశారు కదమ్మా. రానని అబద్ధం చెప్పి పోవడం ఎందుకండీ?" అన్నాడు అబ్బులు.

వార్డంతా ముఖం చిట్లించుకుంది. సత్తిరాజు పకపకా నవ్వాడు. "ఇంకేం, ఆస్పత్రికి అల్లుడివైపోయావోయ్! పండక్కీ పబ్బానికీ వస్తూండు" అన్నాడు.

"ఆయ్, అల్లుడినే అనుకోండి" అని అబ్బులు కూడా నవ్వేశాడు.

ఇంటికి వచ్చాక సత్తిరాజు సైకిలు తొక్కడం మొదలుపెట్టాడు. డాక్టరు వసుంధరే తొక్కమంది. "చాలా మంచిది మాస్టారూ. ఒంటికీ మంచిది, మనసుకీ మంచిది. తొక్కండి. కానీ తేదీకి మాత్రం రండి" అంది. మొదటి రోజు వీధి చివరిదాకా వెళ్ళి, రొప్పుతూ నడిపించుకుని వచ్చాడు. నెల తిరిగేసరికి సామర్లకోట వెళ్ళి వచ్చాడు. ఏడాదికల్లా అన్నవరం వెళ్ళి రావడం అతనికి మంచినీళ్ళు తాగినంత పని అయింది. ఇది చిన్న విషయమేం కాదు. చావు గుమ్మం దాకా వెళ్ళిన మనిషి అంత దూరం తొక్కుతుంటే ఎవరికైనా దండం పెట్టాలనిపిస్తుంది. అక్కడే ఆగి ఉంటే ఈ కథ చెప్పాల్సిన పనే లేదు.

ఊళ్ళో సైకిలు క్లబ్బువాళ్ళు అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. వాళ్ళ దూరపు సైకిలు పరుగుల్లో ఒక పద్ధతి ఉంది. చెప్పిన ఊళ్ళలో ఆగి, చేతిలో కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. గడువులోగా తిరిగి రావాలి. సత్తిరాజు ఆ కార్డులన్నీ అద్దాల బీరువాలో వరసగా పేర్చుకున్నాడు. ఆస్పత్రి ఫైలు పాత పేపర్ల కింద పడి ఉంది. బనీను వెనక "వెళ్తున్నాను, మళ్ళీ రాను" అని పెద్ద అక్షరాలతో అచ్చు వేయించుకున్నాడు. సభల్లో మాట్లాడమని పిలిచేవారు. "గుండె గట్టిగా ఉన్నవాడికి జబ్బు మళ్ళీ రాదు. పోయినవాళ్ళంతా భయంతో పోయారు" అనేవాడు. ఒకసారి ఆ మాట విని ముందు వరసలో ఒకావిడ లేచి వెళ్ళిపోయింది. ఆవిడ భర్త పోయి నెల కూడా కాలేదు. సత్తిరాజు నీళ్ళు తాగి, ఉపన్యాసం కొనసాగించాడు.

పరీక్షలకు నాలుగుసార్లు వెళ్ళాడు. నాలుగుసార్లూ ఏమీ లేదన్నారు. అయిదోసారి తేదీ రెండో శనివారం పడింది. అదే రోజు విశాఖపట్నం దాకా వెళ్ళి తిరిగి రావాల్సిన మూడు వందల కిలోమీటర్ల పరుగు కూడా పడింది.

"పరుగు మళ్ళీ పెడతారుగా. ముందు పరీక్ష చేయించుకోండి" అంది భార్య కామేశ్వరి.

"పరీక్ష మాత్రం మళ్ళీ పెట్టరా ఏం?" అన్నాడు సత్తిరాజు. "మూడు వందలు తొక్కేవాడిని పట్టుకుని జబ్బుందా అని అడగడానికి వాళ్ళకి బుద్ధి లేకపోతే, వెళ్ళడానికి నాకైనా ఉండొద్దూ? మళ్ళీ రానని అందరి ముందూ చెప్పి వచ్చాను."

"మీరన్నది జబ్బుతో రానని కదా! డాక్టరు దగ్గరికే రానని ఎప్పుడన్నారు?"

సత్తిరాజు సైకిలు చక్రాలకు గాలి కొట్టుకున్నాడు. అతను పరుగు పూర్తి చేశాడు, పతకం తెచ్చుకున్నాడు.

ఆ శనివారమే అబ్బులు పరీక్షకు వెళ్ళాడు. అతని కాలేయంలో శనగగింజంత మచ్చ కనిపించింది. చిన్నదిగా ఉండగానే దొరికింది కాబట్టి వెంటనే ఆపరేషను చేశారు. ఆ కబురు క్లబ్బులో తెలిసింది. "పాపం, ఒకసారి చూసి వద్దామా మాస్టారూ?" అన్నారెవరో.

"ఎందుకూ చూడడం? వాడు ఆస్పత్రిని పట్టుకుని వేలాడాడు, ఆస్పత్రి వాణ్ణి పట్టుకుంది. 'వెళ్ళొస్తా'నన్నాడుగా, వెళ్ళి వచ్చాడు!" అన్నాడు సత్తిరాజు. కొందరు నవ్వారు. నవ్వినవాళ్ళకు తర్వాత తమ మీద తమకే అసహ్యం వేసింది. అది వేరే సంగతి.

తర్వాతి తేదీకీ సత్తిరాజు వెళ్ళలేదు. ఆ తర్వాతి తేదీ గుర్తు కూడా లేదు. కుడి డొక్కలో సన్నగా నొప్పి వచ్చేది. హ్యాండిలు ఎత్తు తక్కువై నడుం పట్టేస్తోందనుకుని హ్యాండిలు ఎత్తు పెంచుకున్నాడు. నొప్పి పోలేదు. సీటు మార్చాడు. అయినా పోలేదు. ఒళ్ళు ఏడు కిలోలు తగ్గింది. క్లబ్బువాళ్ళు వీపు చరిచి మెచ్చుకున్నారు. కామేశ్వరి మాత్రం పంట్లాం నడుం తగ్గించి కుట్లు వేస్తూ వేస్తూ ఏడ్చింది.

ఒకరోజు రేవు దారిలో అబ్బులు కనిపించాడు. పాత సైకిలు మీద వల మూట పెట్టుకుని, నడక కంటే కాస్త వేగంగా తొక్కుకుంటూ వస్తున్నాడు. సత్తిరాజుని చూసి దిగి నిలబడ్డాడు.

"మాస్టారూ, మరీ చిక్కిపోయారండి" అన్నాడు.

"చిక్కడం కాదోయ్, తగ్గడం! నీకు తేడా తెలీదు."

"ఏమోనండి. వల కట్టేవాణ్ణి కదా, బిగువు తెలుసు, సడలు తెలుసు. మీది బిగువు కాదండి. ఈ శనివారం నా తేదీ ఉంది. నాతో రండి మాస్టారూ. మీరు తోడొస్తే నాకూ ధైర్యం."

అబ్బులు తనకు ధైర్యం కావాలని అడగలేదు. ఎదుటివాడి పరువు దక్కించి, ఎలాగైనా తీసుకువెళ్ళాలని అలా అన్నాడు. అది సత్తిరాజుకు అర్థమైంది. అర్థమైంది కాబట్టే ఒళ్ళు మండింది.

"పిరికివాళ్ళకి తోడు వెళ్ళే తీరిక నాకు లేదు" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క శనివారం వెళ్ళినా ఎంతో కొంత దారి ఉండేదేమో.

మరో మూడు నెలలకు నక్కపల్లి దాకా వెళ్ళి వచ్చే రెండు వందల కిలోమీటర్ల పరుగు పెట్టారు. ఒకప్పుడు సత్తిరాజుకు అది లెక్కలోది కాదు. ఆ రోజు తుని చేరేసరికే కాళ్ళు వణికాయి. ఇడ్లీ బండి దగ్గర కూర్చున్నాడు. బండి ఆవిడ ప్లేటు అందిస్తూ అతని ముఖంలోకి చూసి ఆగిపోయింది.

"అదేటి బాబూ, కళ్ళు అంత పచ్చగా ఉన్నాయి?" అంది.

"ఎండకి" అన్నాడు సత్తిరాజు. ఇడ్లీ వాసన పడక వదిలేసి, కార్డు మీద ముద్ర వేయించుకుని మళ్ళీ ఎక్కాడు. గడువుకు తొమ్మిది నిమిషాల ముందు కాకినాడ చేరాడు. క్లబ్బువాళ్ళు మెడలో పతకం వేశారు. ఆ పతకంతోనే కింద కూలబడ్డాడు.

డాక్టరు వసుంధర స్కాను చూసింది. చాలాసేపు చూసింది. "మాస్టారూ, ఈ కాలేయంతో రెండు వందల కిలోమీటర్లు తొక్కారా?" అంది. ఒకప్పుడైతే అతను సభల్లో చెప్పుకుని మురిసిపోయే మాట అది.

"ఆపరేషను చేయరా?" అని అడిగాడు.

"అబ్బులుకి చేసినప్పుడు శనగగింజంత ఉంది. మీరు అప్పుడే వచ్చి ఉంటే..." అంటూ ఆమె నొప్పి తగ్గడానికి మందులు రాసి ఫైలు ఇచ్చింది.

సత్తిరాజు ఫైలు తెరిచాడు. మళ్ళీ ఎప్పుడు రావాలో రాసేచోట ఏమీ లేదు.

"డాక్టరుగారూ, తేదీ వేయలేదు" అన్నాడు.

"అవసరం లేదు మాస్టారూ. నొప్పి ఎక్కువైతే ఫోను చేయించండి. మా నర్సే ఇంటికి వస్తుంది."

"అలా కాదమ్మా. ఏదో ఒక తేదీ వేయండి. తప్పకుండా వస్తాను. ఏ పరుగున్నా మానేసి వస్తాను" అన్నాడు. మళ్ళీ రానని వీపు మీద రాయించుకుని ఊళ్ళు తిరిగిన మనిషి, ఒక్క తేదీ కోసం చేతులు జోడించాడు. వసుంధర తల దించుకుంది. కలం మాత్రం తీయలేదు.

బయట వరండాలో అబ్బులు ఉన్నాడు. అతని పరీక్ష అయిపోయింది, ఏమీ లేదన్నారు. సత్తిరాజుని చూసి, సంగతి ముఖంలోనే చదువుకుని, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. దెప్పే హక్కు ఈ లోకంలో ఎవరికైనా ఉంటే అది అతనికే ఉంది. అయినా దెప్పలేదు. అదే సత్తిరాజుకు మరీ భరించరానిదిగా అనిపించింది.

కాసేపటికి అబ్బులు లేచాడు. గుమ్మం దగ్గర దయామణికి దండం పెట్టి, "మూడు నెలలకి వేశారమ్మా. వెళ్ళొస్తాను" అన్నాడు. దయామణి ఇప్పుడు అతన్ని దిద్దడం మానేసింది. "వెళ్ళి రా అబ్బులూ" అంది.

కామేశ్వరి సత్తిరాజుని లేవదీసింది. గుమ్మం దగ్గర అతను కూడా ఆగాడు. దయామణి వైపు చూశాడు. "వెళ్ళొ..." దాకా అని, మిగతా మాట అనకుండానే గడప దాటాడు.

నలభై రోజులకు సత్తిరాజు పోయాడు. అద్దాల బీరువాలో కార్డులు ఇప్పటికీ వరసగానే ఉన్నాయి. ఒక్కదాని మీదా ముద్ర తప్పలేదు. అబ్బులు ఇప్పటికీ రేవుకు సైకిలు మీదే వెళ్తాడు, నడక కంటే కాస్త వేగంగా.

నీతి: ఒంట్లో బలం ఉండడం వేరు, ఒంట్లో జబ్బు లేకపోవడం వేరు, బలం చూసుకుని జాగ్రత్తను పిరికితనమని వెక్కిరించేవాడికి ఆ బలమే కళ్ళకు గంతలు కడుతుంది.