రంగు మీద బిగించిన వైరు

అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే అలవాటు జగదాంబగారికి లేదు. ప్రశ్న వినేవారు, తాంబూలం ఇంకో దవడకు మార్చుకునేవారు, ఏదో ఒక పని పురమాయించేవారు. జవాబు ఆ పనిలో దొరికితే దొరికినట్టు, లేకపోతే శిష్యుడి ఖర్మ. తునిలో ఆమె దగ్గర హరికథ నేర్చుకున్నవాళ్లందరికీ ఇది అనుభవమే. ఆమె పక్కన వయొలిన్ వాయిస్తూ ఇన్నేళ్లు గడిపిన నాకు మరీ అనుభవం.

ఒకనాటి మధ్యాహ్నం ముగ్గురం ఆమె పాత కారులో కథకు బయలుదేరాం. కథ చెప్పేది ఆమె కాదు, శిష్యుడు తాండవకృష్ణ. కారు నడుపుతున్నదీ అతనే. ఊరు దాటాక నోరు విప్పాడు.

"అమ్మగారండీ, తల్లి బిడ్డని పోగొట్టుకుని ఏడ్చే ఘట్టంలో జనం నవ్వుతున్నారండి. కిందటిసారీ అంతే, అంతకుముందూ అంతే. ఎందుకంటారు?"

అది ఊసుపోక అడిగిన ప్రశ్న కాదు. ఈ సాయంత్రం కూడా నవ్వితే గజ్జెలు విప్పేసి, బావమరిది షామియానాల వ్యాపారంలో చేరిపోతానని ఇంట్లో చెప్పి మరీ వచ్చాడు. అతనిది బంగారంలాంటి గొంతు. ఆ గొంతు రేపట్నుంచి కుర్చీలు దించమని కేకలు వేస్తుందంటే నాకు మనసొప్పలేదు. జబ్బేమిటో నాకు తెలుసనే అనుకున్నాను. జనం కాస్త అటూ ఇటూ కదిలితే చాలు, నవ్వించడానికి ఓ పిట్టకథ అందుకునేవాడు. అది పారితే దాని పక్కన మరొకటి. అసలు కథ వాటి మధ్య ఎక్కడో ఊపిరాడక పడి ఉండేది.

జగదాంబగారు తాంబూలం దవడ మార్చి, "మబ్బు పట్టింది, లైట్లు వెయ్యి," అన్నారు.

తాండవకృష్ణ ముఖం మాడిపోయింది. భాగవతార్ వస్తున్నట్టు పొలిమేరలోనే తెలియాలని, తాంబాళాలంత లైట్లు కొని, ఫోన్లో వీడియోలు చూసి తనే బిగించాడతను. పనిలోపనిగా కారు ముందు భాగానికి నిగనిగలాడే నీలం రంగు కూడా వేశాడు. వెలుగు అమోఘం. కాకపోతే లైటు వేస్తే హారన్ మూలిగేది. దాన్ని అణచడానికి ఓ వైరు లాగితే వైపర్లు కదిలాయి. వైపర్ల కోసం ఇంకోటి లాగితే బ్రేకు నొక్కినప్పుడల్లా అన్నీ కలిసి కచేరీ మొదలుపెట్టాయి.

"ఇప్పుడెందుకులెండి, అమ్మగారండీ."

"అంత ముచ్చటపడి పెట్టావు కదా, వెయ్యి."

వేశాడు. హారన్ సన్నగా మూలిగింది. అలాగే కొంత దూరం వెళ్లి మలుపు తిరిగేసరికి ఎదురుగా శవయాత్ర. కంగారుగా బ్రేకు తొక్కాడు. హారన్ దున్నపోతులా రంకె వేసింది. వైపర్లు రెండూ లేచి, పోయినాయనకు టాటా చెప్పడం మొదలుపెట్టాయి. పాడె వెనక గుండెలు బాదుకుంటున్న ఇల్లాలు టక్కున ఆగి, మా కారు వంక చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా నవ్వు ఆగలేదు. అది చూసి వెనకవాళ్లు నవ్వారు. పాడె మోసేవాళ్ల భుజాలు కూడా కదిలాయి. నాకు మాత్రం భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

తలకు తువ్వాలు చుట్టుకున్న ఒకాయన మా కిటికీ దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "బాబూ, నవ్వేశాక మా అక్కకి ఏడుపు రావట్లేదండి. ఆ మోత ఆపండి. దాని ఏడుపేదో దాన్ని ఏడవనివ్వండి," అన్నాడు.

తాండవకృష్ణ దిగి పరుగెత్తి బ్యాటరీ వైరు పీకేశాడు. రోడ్డు మీద ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ ఇల్లాలు కొంగు తీసింది. ముందు చిన్నగా, తర్వాత గుండె పగిలేలా ఏడ్చింది. వాళ్లు దాటిపోయేదాకా అతను చేతులు జోడించి నిలబడ్డాడు. తర్వాత డిక్కీలోంచి పనిముట్ల సంచి తెచ్చి, "ఇంకొక్క వైరు లాగితే సరిపోతుందండి," అన్నాడు.

"లాగింది చాలు. నువ్వు పెట్టినవి నువ్వే తియ్యి. ఒక్కొక్కటే తీసి చూసుకో," అన్నారు జగదాంబగారు.

ఒకటి తీసేవాడు, బ్యాటరీ తగిలించేవాడు, నేను బ్రేకు నొక్కేవాణ్ణి. రోడ్డు పక్కన వైర్లు ఉడికిన సేమియాలా కుప్పపడ్డాయి. కచేరీ తగ్గింది కానీ, అన్నీ తీసేశాక కూడా లైటు వేస్తే హారన్ మూలుగుతూనే ఉంది. అదనంగా పెట్టినవి తీసేస్తే చాలనుకున్న నా వైద్యం అక్కడితో సరి. తాండవకృష్ణ ముందుకి వంగి చాలాసేపు చూసి, చివరికి నెత్తి కొట్టుకున్నాడు.

"మాస్టారూ, ఇది చూడండి. లైటుకి కరెంటు వెళితే చాలదు, తిరిగొచ్చే దారి కూడా కావాలి. ఆ ఎర్త్ వైరుని ఇనుముకి బిగించాల్సింది పోయి, నేను వేసిన రంగు మీద బిగించాను. పాపం కరెంటు దారి లేక, దొరికిన సందులోకల్లా దూరింది."

స్క్రూడ్రైవరుతో రంగు గీకాడు. అంత నిగనిగల కింద నల్లటి ఇనుము బయటపడింది. దాని మీద వైరు బిగించి లైటు వేస్తే వెలుగు తప్ప చప్పుడే లేదు.

"మరి నా ప్రశ్నకి జవాబండీ?"

"ఆలస్యమవుతోంది, పద," అన్నారు జగదాంబగారు.

ఆ సాయంత్రం తాండవకృష్ణ పిట్టకథలేవీ చెప్పలేదు. జనం మర్యాదగా కూర్చున్నారు, అంతే. శోకఘట్టం వచ్చింది. తల్లి బిడ్డను ఒళ్లో వేసుకుంది. అక్కడ ఎప్పుడూ గొంతు నిగనిగలు చూపించడానికి తీసే పెద్ద రాగం అందుకోబోయి ఆగిపోయాడు. రోడ్డు మీది ఆ ఇల్లాలు గుర్తొచ్చిందేమో, గొంతు పూడుకుపోయింది. చిడతలు ఆగిపోయాయి. నా కమాను గాల్లోనే ఉండిపోయింది. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఓ ముసలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది, ఆమె పక్కావిడా ఒత్తుకుంది. నేనూ ఏడ్చాను, అందులో సిగ్గేముంది?

కథ ముగించి అతను వేదిక వెనక్కి వచ్చాడు. జనం ఏడ్చిన సంగతి గమనించనే లేదు. ముఖం పాలిపోయి ఉంది.

"అమ్మగారండీ, పాట ఆగిపోయింది. తాళం తప్పాను."

"తప్పావు," అన్నారు జగదాంబగారు, తమలపాకు ఈనె తీస్తూ. "రంగు గీకితే ఇనుము కనబడదా మరి?"