గాజు లోపలి ముద్ర

"ఈ విద్య పూర్తిగా వచ్చిందని ఎప్పుడు అనుకోవచ్చు గురువుగారూ?" అని అడిగింది సువర్చల. ప్రొద్దుటూరులో నగల మీది హాల్‌మార్కు ముద్రలు పరీక్షించే పట్టాభిరామాచారి దగ్గర ఆమె కొంతకాలంగా పని నేర్చుకుంటోంది. ఆయన అప్పుడే లోపలికి వచ్చిన ముసలామెకు కుర్చీ చూపించాడు.

ఆమె పేరు ఓబుళమ్మ. భర్త పోయి ఏడాది దాటింది. కొంగుముడి విప్పి రెండు బంగారు గాజులు బల్ల మీద పెట్టింది.

"పెండ్లిలో మాయమ్మ తొడిగినవి సామీ. మనవరాలికి ఇస్తాండా. బంగారు మంచిదేనా, చూసి చెప్పు."

ఆచారి ఒక గాజు తీసి, లోపలివైపు భూతద్దంలో చూశాడు. ముద్రలోని చివరి అక్షరం దగ్గర అద్దం ఆపి, ఆమె ముఖం వంక చూశాడు. "మంచి బంగారమమ్మా. సంతోషంగా ఇవ్వు" అని మాత్రం అన్నాడు.

రెండో గాజు సువర్చల చూసింది. బంగారం స్వచ్ఛత తెలిపే అంకె, పరీక్షించిన కేంద్రం గుర్తు, వాటి పక్కన ముద్ర వేసిన సంవత్సరాన్ని తెలిపే చిన్న అక్షరం. అన్నీ తడుముకోకుండా చదవగలిగినందుకు ఆమెకు ఉత్సాహం కలిగింది.

"ఇవి మీ పెళ్లినాటివి కావండీ. అప్పటికి ఈ ముద్రలే లేవు. ఇవి రెండువేల పన్నెండులో చేసినవి."

ఓబుళమ్మ గాజు తీసుకుని లోపలివైపు వేలితో తడిమింది.

"ఆ యేడు నేను పెద్దాసుపత్రిలో పడుంటి" అంది మెల్లగా. "చేతులు వాచినాయని మా ఇంటి ఆయప్పే గాజులు తీసినాడు. నేను ఇంటికొచ్చిన శానా దినాలకు మళ్లా తొడిగినాడు. మెరుగు పెట్టిచ్చినా, అందుకే కొత్తగా ఉండాయి అన్నాడు. అన్నాళ్లూ పండగ పూట గూడా నాపరాళ్ల గనికి పోతాండె. ఎందుకంటే, ఇంట్లో పొద్దుపోదు అనె. ఆసుపత్రికి దుడ్లు యాడివంటే మాట మార్చె."

ఆమె రెండు గాజులూ ఒకదాని మీద ఒకటి పేర్చింది.

"ఆయప్ప సచ్చేదాకా సాధించినా తల్లీ. కట్టుకున్నందుకు ఒక్క నగైనా చేపిచ్చినావా అని. తల దించుకొని అన్నం తింటాండె. ఒక్క మాట అనలే."

గాజులు కొంగున కట్టబోయి ఆగింది. గుప్పిట్లోనే పట్టుకుని లేచింది. సువర్చల చెయ్యి అందించేలోగా మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాత ఇద్దరూ పని ముట్టుకోలేకపోయారు.

"నేను చెప్పకుండా ఉండాల్సిందా గురువుగారూ?"

ఆచారి వీధివైపే చూస్తూ అన్నాడు: "చదవడం నీకు వచ్చేసిందమ్మా. చెప్పడం నాకే ఇంకా రాలేదు."