చెమట పట్టని కుండ

అనగనగనగా ఒక ఊరుందట, ఆ ఊరికి ఒకే ఒక్క కుమ్మరట. పేరు గంగులు. తల్లి లేని గంగుల్ని పెంచి పెద్ద చేసింది అక్క సూరమ్మే. ఆ అక్క పక్కూరికి కాపురానికి వెళ్ళింది. ఏటా ఎండలు ముదరగానే గంగులు కొత్త కుండ ఒకటి నెత్తిన పెట్టుకెళ్ళి అక్కకి ఇచ్చి వచ్చేవాడు.

"నీ కుండలో నీళ్ళు తాగితే ప్రాణం లేచొస్తుందిరా తమ్ముడూ" అనేది ఆవిడ.

ఒక ఏడు వాడికి ఇంకో బుద్ధి పుట్టింది. "ఎప్పుడూ ఈ బోడి కుండేనా? ఈసారి అక్కకి చిలకల కుండ ఇస్తా" అనుకున్నాడు. ప్రేమకొద్దీ అనుకున్నాడులే పాపం.

అప్పుడు సుద్దతో చిలకలు వేశాడు. నీళ్ళు పోస్తే కుండకి చెమట పట్టి చిలకలన్నీ కారిపోయాయి. ఆ తర్వాత ఎర్ర జాజుతో వేశాడు. అవీ కారిపోయాయి. గంగులికి ఒళ్ళు మండింది. "నీ చెమట పాడుగానూ!" అని కుండని తిట్టి, మూడోసారి లక్క కరిగించి దాని ఒళ్ళంతా పూసేశాడు. ఆ లక్క మీద పచ్చచిలకలు దించాడు. నీళ్ళు పోశాడు. ఒక్క చుక్క చెమట పడితే ఒట్టు!

చూసినవాళ్ళంతా ఆహా ఓహో అన్నారు. గంగులు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఆ నీళ్ళు మాత్రం నోట్లో పోసుకుని చూడలేదు. చూసుంటే నీకీ కథ చెప్పే పనే లేదమ్మా.

అప్పుడే అక్కకి జ్వరమని కబురొచ్చింది. పాత కుండ పగిలిపోయిందట, తమ్ముడి కుండలో నీళ్ళు కావాలంటోందట. గంగులు చిలకల కుండ ఎత్తుకుని పరుగెత్తాడు. మర్నాడు పొద్దున్నే నీళ్ళు నింపి, మధ్యాహ్నం అక్కకి ముంతతో తాగించాడు.

సూరమ్మ ఒక గుక్క తాగి ఆగింది. రెండో గుక్క తాగి తమ్ముడి మొహం చూసింది. మూడో గుక్క తాగి చిలకల్ని వేలితో నిమిరింది.

"చల్లగా ఉన్నాయిరా" అంది. "చిలకలు ఎంత బాగున్నాయో!"

గంగులు సంబరంగా ఇంటికొచ్చాడు. మూడో రోజున అక్క పోయింది.

ఆ తర్వాత, దినాలయ్యాక, అక్క ఇంట్లో వాడికి దాహమేసింది. ఆ కుండలోంచే ముంచుకుని తాగాడు. ఎండలో పెట్టిన చెంబులో నీళ్ళలా ఉన్నాయి. అక్క అబద్ధమాడిందని అప్పుడు తెలిసింది. కుండ చల్లబడేది ఆ చెమటతోనేనని కుమ్మరికి తెలియదూ? తెలుసు. చిలకల ధ్యాసలో పడి మరిచిపోయాడు. కుండని కావలించుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

గంగులు మళ్ళీ కుండకి లక్క పూయలేదు. చిలకల్నీ మానలేదు, అక్కకి నచ్చాయి కదా. నీళ్ళు అందని మెడ చుట్టూ మూడంటే మూడు చిలకలు వేసేవాడు. కింద కుండకి హాయిగా చెమట పట్టేది, పైన చిలకలు పొడిగా ఉండేవి.

"ఎంత తెలివిరా గంగులూ!" అనేవాళ్ళు చూసినవాళ్ళు.

"ఒక్క ఏడు ముందు రావలసింది ఈ తెలివి" అనేవాడు గంగులు.

అయ్యో, నువ్వెందుకే ఏడుస్తావు? కళ్ళు తుడుచుకో, పడుకో తల్లీ. కథేమో కంచి దారి పట్టింది, నిద్రేమో నీ కంటి దారి పట్టింది.