కుడిచేతి మాట

అనగనగా సముద్రం ఒడ్డున అర్గిల అనే ఊళ్ళో ఫిలిన్న అని ఒకావిడ ఉండేదమ్మా. ఆవిడకి నలభై చెట్ల అంజూర తోట. వాళ్ళమ్మ నాటిన చెట్లు. ఆ తోటంటే ఆవిడకి ప్రాణం.

ఊరు గ్రీకులది, ఏలేది పారసీక చక్రవర్తి. ఆయన తరఫున అక్కడ పెత్తనం సుబేదారు బగదాతుది. గ్రీకుల్లో పెద్ద ఊళ్ళు రెండు, ఏథెన్సూ స్పార్టా. ఆ రెంటికీ పడదు. మన సుబేదారేమో గోడమీద పిల్లి. ఎవరు ఓడిపోతుంటే వాళ్ళకి సాయం చేస్తాడు. వాళ్ళలా కొట్టుకుంటూ ఉంటే తన జోలికి రారని.

ముందు ఏథెన్సుతో స్నేహం కట్టాడు. వాళ్ళ సైన్యం వచ్చి తోటలో దిగింది, వంటచెరుకుకి పది చెట్లు నరికింది. ఆబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్ళు విరిగినట్టు. ఫిలిన్న వెళ్ళి మొరపెట్టుకుంది. ఇక ఎవరూ ముట్టుకోరని సుబేదారు నోటిమాట ఇచ్చాడు.

ఆ తర్వాత స్పార్టాతో కలిశాడు. వాళ్ళూ వచ్చారు, ఇంకో పది పోయాయి. ఈసారి ముద్ర వేసిన చీటీ ఇచ్చాడు. ఆ తర్వాత మళ్ళీ ఏథెన్సు వైపు తిరిగాడు. ఆ మహానుభావులు చీటీతోనే పొయ్యి రాజేసుకున్నారు. ఇక పదే చెట్లు మిగిలాయి.

ఫిలిన్న కడుపారా ఏడ్చింది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని ఆలోచించింది. పారసీకులకి ఒక కట్టుబాటుంది. కుడిచెయ్యి చేతిలో వేసి చెప్పిన మాట ప్రాణం పోయినా తప్పకూడదు. అందుకే బగదాతు ఎవరికీ కుడిచెయ్యి ఇవ్వడు.

ఒకరోజు ఆయన మళ్ళీ స్పార్టా వాళ్ళని కలవాలని తొందరపడి, బంట్లని వెనకే వదిలేసి, తోట పక్క అడ్డదారి పట్టాడు. అక్కడంతా ఏటి బురద. గుర్రం ఎలాగో గట్టెక్కింది, దొరగారు నడుందాకా దిగబడ్డారు. అప్పుడు ఫిలిన్న కాయలు కోసే నిచ్చెన తెచ్చి బురద మీద పరిచి, దానిమీద కూర్చుంది. ఆయన ఎడమచెయ్యి చాచాడు.

"ఆ చెయ్యి వద్దండీ. కుడిది ఇవ్వండి. ఇచ్చి, నా పది చెట్లకీ మీదే పూచీ అనండి," అంది.

బగదాతు ఆవిడ వంక చూశాడు, బురద వంక చూశాడు. అప్పుడు కుడిచెయ్యి ఇచ్చి, అనాల్సిన మాట అన్నాడు.

స్పార్టా సైన్యం గొడ్డళ్ళతో వచ్చేసరికి తోట వాకిట్లో ఎవరున్నారనుకున్నావే? సుబేదారే, కుర్చీ వేసుకుని! కొత్త స్నేహితుల్ని తనే వెనక్కి పంపాడు. ఆ తర్వాత ఆయన ఇంకో మూడుసార్లు పక్షం మార్చాడు. మూడుసార్లూ వచ్చి అక్కడే కుర్చీ వేసుకున్నాడు. పది చెట్లూ నిలిచాయి.

కానీ ఆ ఊరొస్తే మాత్రం, కుడిచెయ్యి అంగీ పొడుగు చేతిలో దాచుకునే తిరిగేవాడట.

కథేమో కంచికి, కాయలేమో గంపకి, మనమేమో నిద్రకి.