ఒళ్ళు దులపని కోడి

గుట్ట మీది మఠంలో మాణిక్యదాసుగారిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. అది తెలిసి కూడా శిష్యుడు శివలింగం ఒకనాటి పొద్దున నోరు జారాడు. మంచాన పడ్డ ముసలి సాధువుకు గంజి తాగించి, సగం తన అంగీ మీద పోయించుకుని వచ్చి, "ఎట్లాగూ పోయే ప్రాణానికి ఇన్ని తంటాలెందుకు స్వామీ?" అన్నాడు. విసుగుతో అన్నమాటే. అయినా ప్రశ్న ప్రశ్నే.

దాసుగారు లేచి వాకిట్లోకి నడిచారు. గుట్ట దారిన పోతున్న కింది ఊరి పెంటయ్యను కేకేసి ఆపారు. అతని చేతిలో ఎర్రపెట్ట ఒకటి తలకిందులుగా వేలాడుతోంది. దాని రెక్క ఒకటి జారిపోయి ఉంది. మనవడి జ్వరం తగ్గితే పోచమ్మకు ఇస్తానని మొక్కిన కోడి అది. జ్వరం తగ్గింది గాని, ఇంతలో కోడి కుక్క నోట పడి రెక్క విరిగింది. అవిటి కోడిని అమ్మవారికి ఇవ్వరు.

"ఇగ కూరకే," అన్నాడు పెంటయ్య.

"తల్లికి పనికిరానిది నాకియ్యి," అని దాసుగారు దాన్ని అందుకుని, తెచ్చి శివలింగం ఒళ్ళో పెట్టారు.

గాయానికి పసుపు అద్ది, రెక్కను ఎప్పటిలా మడిచి, ఒంటి చుట్టూ పాతగుడ్డ పేలిక కట్టమన్నారు. శివలింగం తన కోపమంతా ఆ ముడి మీద చూపించాడు. కోడి నోరు తెరిచి ఎగపోయసాగింది.

"రెక్క కట్టమన్న. ఊపిరి కాదు," అన్నారు దాసుగారు.

విప్పి మళ్ళీ కట్టాడు. నెత్తురు కనబడితే తోటి కోళ్ళే పొడిచి చంపుతాయని దాన్ని వేరుగా గంప కింద మూసి, నూకలూ నీళ్ళూ పెట్టాడు. చికాకుతో మొదలైన పని ఎప్పుడు మారిందో గాని, కొన్నాళ్ళకు ఆ కోడి గింజ ముట్టందే తాను ముద్ద ముట్టడం మానేశాడు.

కట్టు విప్పిన నాడు పెట్ట వాకిలంతా తిరిగింది. ఆ కబురు గుట్ట దిగింది. మర్నాడే పెంటయ్య పసుపు నీళ్ళ చెంబుతో వచ్చాడు.

"కోడిని ఇయ్యుండ్రి స్వామీ. మొక్కు తీర్చాలె."

శివలింగానికి ఒళ్ళు మండింది. "ఆనాడు ఇచ్చేసినవు గదా!"

"తల్లి పేరు పెట్టిన కోడి. ఇచ్చెటందుకు అది నాదా?" పెంటయ్య గొంతులో దౌర్జన్యం లేదు. మనవడి ఒళ్ళు మళ్ళీ కాలుతుందేమోనన్న భయమే ఉంది.

శివలింగం గురువు వైపు తిరిగాడు. "చూసిన్రా? బాగుచేసి కత్తికి అప్పజెప్తున్నం. అందుకే అడిగిన ఆనాడు."

"అది నీదీ కాదు, నాదీ కాదు. దాన్నే అడుగుదాం," అన్నారు దాసుగారు. "చల్లు పెంటయ్యా."

ఆ ప్రాంతంలో మొక్కు కోడి మీద పసుపు నీళ్ళు చల్లుతారు. అది ఒళ్ళు దులిపితే తల్లి ఒప్పుకున్నట్టు, దులపకపోతే కత్తి ఎత్తరు. తడిసిన కోడి దులపక ఏం చేస్తుంది? కనుక ఒప్పుకోని కోడిని అక్కడ ఎవరూ చూసి ఎరగరు.

పెంటయ్య దోసిట నీళ్ళు తీసి చల్లాడు. పెట్ట ఒళ్ళు దులపకుండా ముడుచుకుంది. శివలింగం చూడలేక కళ్ళు మూసుకున్నాడు. రెక్కల చప్పుడు విని తెరిచేసరికి అది మఠం పెంకుల మీద ఉంది. అక్కడినుంచి వేపకొమ్మ ఎక్కింది. పెంటయ్య నూకలు చల్లి పిలిచాడు, బతిమాలాడు. అది కిందికి చూసింది గాని దిగలేదు.

"ఇప్పుడు తల్లికేం చెప్పాలె స్వామీ?" పెంటయ్య కొమ్మ మీది కోడినే చూస్తూ అడిగాడు.

"అడిగిన, రానన్నది అని చెప్పు. కోపమొస్తే గుట్టెక్కి నా దగ్గరికి రమ్మను. పిలగాని జోలికి పోవద్దని నేను చెప్పిన్నని చెప్పు."

పెంటయ్య దండం పెట్టి, ఖాళీ చెంబుతో గుట్ట దిగాడు. శివలింగానికి నవ్వు ఆగలేదు. నవ్వు తీరాక పాత అనుమానం మళ్ళీ తలెత్తింది.

"ఇయ్యాల తప్పించుకున్నది స్వామీ. రేపు ఏదన్న పిల్లి పట్టదా?"

"రేపు పట్టనీ," అన్నారు దాసుగారు. "ఇయ్యాల మంచం మీది పెద్దాయన గంజి చల్లారుతున్నది. పో."